ఇటు తిరగని ఆడమనిషి

మా హైస్కూల్లో అరవై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగలను. చోడవరంలో మా వీధిలో పాము కనిపిస్తే మగవాళ్లు కూడా ముందు నన్నే పిలుస్తారు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, ఉన్నమాటే చెబుతున్నాను. ఈ ధైర్యం నాకు పుట్టుకతో రాలేదు. పదకొండేళ్ల వయసులో ఒక టీవీ సీరియల్ నా చేత చదువు మాన్పించినంత పని చేసింది.

మాది రోలుగుంట దగ్గర పల్లె. అప్పట్లో ఊళ్లో టీవీ ఉన్నది ఒక్క ఇంట్లోనే. శుక్రవారం సాయంత్రమైతే పిల్లలమంతా వాళ్ల అరుగు మీద చేరిపోయేవాళ్లం. ఆ దెయ్యాల సీరియల్ కథ ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. అందులో ఒక ఆడమనిషి మాత్రం గుర్తుంది. ఆవిణ్ణి ఎప్పుడూ వెనకనుంచే చూపించేవారు. నడుం దాటిన ఒంటిజడ, అంతే. ప్రతి వారం చివర్లో ఆవిడ మెల్లగా ఇటు తిరగబోయేది, సరిగ్గా అక్కడ ఆపేసేవారు. ముఖం చూపించేసి ఉంటే ఆ ముఖానికి భయపడి ఊరుకునేదాన్ని. చూపించకపోయేసరికి వారానికో కొత్త ముఖం నేనే తయారు చేసుకున్నాను. ఆఖరి వారం కరెంటు పోయింది.

మా వైపు చెరకు ఏపుగా ఎదిగాక గాలికి పడిపోకుండా నాలుగైదు గడలు దగ్గరికి లాగి, వాటి ఆకులతోనే మెలిపెట్టి కడతారు. జడచుట్టు వేయడం అంటారు. నేను ఆరో తరగతికి రోలుగుంట వెళ్లే దారి రెండు చెరకు తోటల మధ్య గట్టు. సీరియల్ అయిపోయిన వారమే మా నాన్న, పక్క పొలంవాళ్లు జడచుట్టు వేయించారు. తెల్లారి సంచి భుజాన వేసుకుని గట్టెక్కితే రెండు పక్కలా వందల జడలు. అందరూ నాకు వీపు చూపించి నిలబడ్డారు. అక్కణ్ణుంచి వెనక్కి తీసిన పరుగు ఇంటి గుమ్మంలో ఆగింది.

చెరకులో ఆ టీవీ ఆడమనిషి నిలబడి ఉందని ఇంట్లో చెప్పి, అయిదు రోజులు బడికి వెళ్లలేదు. గాలి సోకిందని అమ్మ ఎవరినో పిలిపించి విబూది పెట్టించింది, చేతికి నల్లతాడు కట్టించింది. మందు ఉందంటే రోగం ఉన్నట్టే కదా. తాడు కట్టేదాకా నాది అనుమానమే, కట్టాక నమ్మకం కుదిరింది. ఆరో రోజు నాన్న తేల్చేశాడు.

"బయమైతే మానీమను. ఇంటికాడ గేదెల్ని సూసుకుంతాది."

దెయ్యం కంటే ఆ మాటకే ఎక్కువ వణికాను. లెక్కల్లో మా క్లాసులో నేనే మొదటిదాన్ని. బడి పోతే నాకింకేమీ లేదని ఆ వయసులోనే తెలుసు. అయినా గట్టు తలుచుకుంటే కాళ్లు లేవలేదు.

ఇంట్లో ఇవేవీ పట్టించుకోనిది నానమ్మ ఒక్కతే. ఆవిడ అడ్డచుట్ట కాల్చేది, అంటే వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని. మా వైపు పెద్దాడవాళ్లకి అది అలవాటే. ఆ రాత్రి నన్ను ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆ మనిసి ఇటు తిరిగిందేటే?"

లేదన్నాను.

"అదీ సంగతి. రేపు మద్దేనం నాతోటి పొలానికి రా."

మర్నాడు నెత్తికి గుడ్డ చుట్టుకుని ముందు నడిచింది, నేను కొంగు పట్టుకుని వెనకాలే. తోట మధ్యకి వచ్చాక నా చెయ్యి విడిపించుకుని నాలుగడుగులు ముందుకెళ్లి తలగుడ్డ తీసేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడకి ముడి తప్ప చూడలేదు. ఆ రోజు నూనె రాసి అల్లిన ఒంటిజడ వీపు మీద జారింది. "నానమ్మా" అని పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. మెల్లగా, అచ్చం టీవీలోలాగే, ఇటు తిరిగింది. నోట్లో నిప్పు, ముక్కులోంచి పొగ, ముడతల మధ్య నవ్వు. నేను మట్టిలో కూలబడ్డాను.

చుట్ట తీసి చేత్తో పట్టుకుంది.

"సూసేవా? ఇటు తిరిగితే ఎవులో ఒకలు ఉంతారు. అంతేనే గుంటా. నెగు."

లేచాను. గడలు దగ్గరికి లాగి, నా చేత ఒక జడ వేయించింది. ఆకు కోసుకుని వేళ్లు మండాయి. నా జడ వంకరగా, దూడ నమిలిన తాడులా వచ్చింది. "నువ్వు ఏసిందానికి నువ్వే బయపడతావేటి?" అంది.

మర్నాడు ఒక్కదాన్నే బడికి వెళ్లాను. భయం పోయిందని అబద్ధం చెప్పను. సగం దారిలో నా వంకర జడ కనిపించేదాకా వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉన్నాను. దాన్ని చూడగానే నవ్వొచ్చింది, మిగతా సగం నడిచేశాను. పదో తరగతి దాకా అదే గట్టు.

మొన్నామధ్య మా అమ్మాయి ఫోన్‌లో ఆ సీరియల్ పట్టుకుంది, ఆఖరి భాగంతో సహా.

"అమ్మా రా, ముఖం చూపిస్తన్నారు."

"నేను చూసేసేనే," అన్నాను, దిద్దుతున్న పేపర్లు వదలకుండా.

"కరెంటు పోయిందన్నావు కదా?"

"పోయింది. అయినా చూసేను."

తను ఒక్కతే చూసి, ఇంతేనా అని నవ్వుకుంది. ఎలా ఉందని నేను అడగలేదు. నానమ్మ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆవిడ ఇంకొక్కసారి అలా ఇటు తిరిగితే బాగుండునని మాత్రం అనిపించింది.