నాన్న మెదడు, శివనాథ్ ఒడ్డున కాకి

ఎవరైనా దెయ్యాల కథ మొదలుపెడితే మధ్యలో లేచి టీ పెట్టుకునే రకం నేను. భిలాయ్‌లో పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పి బతుకుతున్నదాన్ని, చనిపోయినవాళ్లు కాకిలా వస్తారంటే ఎలా నమ్ముతాను? ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

నాన్న స్టీల్ ప్లాంటులో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మతిమరుపు జబ్బు మొదలైందని డాక్టరు చెప్పేనాటికి ఆయనకింకా అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. చనిపోయాక మెదడును ఆ జబ్బు మీద పరిశోధనకు ఇవ్వొచ్చని కూడా ఆ డాక్టరే చెప్పారు. అమ్మా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. నాన్నకు మాత్రం భలే హుషారొచ్చింది.

"మోటారు కాలిపోతే విప్పి చూడమా? విప్పకపోతే ఫాల్ట్ ఎలగ దొరుకుతాది? నా బుర్ర కూడా విప్పించెయ్" అని నాతో ఒట్టు వేయించుకున్నారు.

తర్వాత ఒక్కొక్కరినే మర్చిపోతూ వచ్చారు. చివరి రెండేళ్లూ అమ్మను కూడా గుర్తుపట్టలేదు. ఆసుపత్రి నర్సు అనుకుని "సిస్టర్" అని పిలిచేవారు. అన్నం తినిపిస్తుంటే, "సిస్టర్, మా ఆవిడేదండీ?" అని అడిగేవారు. అమ్మ ఏదో ఒకటి చెప్పి నవ్వేది, వంటింట్లోకి వచ్చి ఏడ్చేది. "ఒక్కసారి గుర్తుపడితే చాలే నాకు" అనేది. ఆ ఒక్కసారీ రాకుండానే నాన్న వెళ్లిపోయారు.

ఇచ్చిన మాట ప్రకారమే చేశాను. ఆసుపత్రిలోనే మెదడు తీసి పరిశోధన చేసేవాళ్లకు పంపారు. ఇంటికి తీసుకొచ్చాక చూస్తే మొహంలో ఏ తేడా లేదు. శుభ్రంగా తల దువ్వుకుని పడుకున్నట్టున్నారు.

అయినా మా మేనత్త ఊరుకుంటుందా? నాన్నకు అక్క ఆవిడ. భిలాయ్‌లోనే ఉన్న క్యాంప్ 2 నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నన్ను దులిపేసింది. "నిండు మనిషిని అలగ పంపిస్తారేటే?" అని ఒకటే గోల. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు గానీ, అన్నం ముందు కూర్చుని లేచిపోవడం మొదలుపెట్టింది. నాకు అదే బెంగ. నాన్న మాట నిలబెట్టబోయి అమ్మ మనసు విరిచేశానేమో అని భయం పట్టుకుంది.

పదో రోజు శివనాథ్ నది ఒడ్డున తమ్ముడు పిండం పెట్టాడు. కాకి ముడితే పోయినవాళ్లకు తృప్తి కలిగినట్టు లెక్క. ఓ కాకి వచ్చి విస్తరాకు పక్కనే వాలింది. ముక్కు పెట్టదు, ఎగిరీ పోదు. అలిగిన కొత్తల్లుడిలా అలాగే నిలబడింది.

అలాంటప్పుడు పోయినవాళ్ల కోరిక తీరుస్తామని మాటివ్వాలంటారు. తమ్ముడు చేతులు జోడించి, "నాన్నా, కోహ్కాలో సగంలో ఆగిన మన ఇల్లు పూర్తి చేసేస్తాను, పక్కా" అన్నాడు. కాకి కదల్లేదు. "అమ్మని బాగా చూసుకుంటాను." ఊహూఁ. "సిగరెట్లు మానేస్తాను." అబ్బే!

"దీదీ, ఔర్ క్యా బోలూఁ?" అంటూ, ఇంకేం చెప్పాలన్నట్టు నావైపు తిరిగాడు. భిలాయ్‌లో పుట్టి పెరిగినవాడు, కంగారొస్తే హిందీయే వస్తుంది.

మేనత్తకు మంచి అదను దొరికింది. "ఓలమ్మో, బుర్ర తీయించేసేక ఇది తన పిండమేనని మా తమ్ముడికి ఎలగ తెలుస్తాదే? మనల్నెలగ గుర్తుపడతాడే?"

ఆ మాటకు అమ్మ మొహం పాలిపోయింది. నాకు కన్నీళ్లు ఆగలేదు.

పంతులుగారు వాచీ చూసుకుని, "అమ్మా, ఇంకో పార్టీ వెయిటింగ్‌లో ఉందండీ. దర్భతో కాకిని చేసి ముట్టించేద్దాం, అదీ చలేగా, పరవాలేదు" అన్నారు.

అప్పుడు కదిలింది కాకి. ఎగరలేదు, నడిచింది. తమ్ముడినీ, నన్నూ, మేనత్తనూ దాటుకుంటూ, అందరికీ దూరంగా కూర్చున్న అమ్మ దగ్గరకు వెళ్లి ఆగింది. మెడ వంచి ఆమె మొహంలోకి చూసింది. అమ్మ చేతిలో తినేదేమీ లేదు, ఆమె దాన్ని పిలవనూ లేదు. కాసేపటికి అమ్మే లేచి పిండం వైపు నడిచింది. కాకి ఆమె వెనకాలే నడిచింది.

"తినండి" అంది అమ్మ.

తినేసింది! పంతులుగారు మంత్రం మధ్యలో ఆగిపోయారు.

తిరిగొస్తూ కారులో నేను నోరు మూసుకోలేదు. అక్కడ రోజూ పిండాలు పెడతారు కాబట్టి కాకులు మనుషులకు మాలిమి అయిపోయాయని, మాటలు లేకుండా కదలకుండా కూర్చున్నవాళ్లంటే వాటికి భయం ఉండదని పాఠం మొదలుపెట్టాను. అమ్మ అంతా ఓపిగ్గా వింది.

"అయితే అయిందిలేవే" అంది. "బుర్ర ఉన్నన్నాళ్లూ సిస్టరన్నారు. అది ఇచ్చేసేక ఇంతమందిలో నన్ను గుర్తుపట్టేరు."

అని పకపకా నవ్వింది. మేనత్త కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది.

ఆ కాకి మా అందరినీ వదిలేసి అమ్మ దగ్గరికే ఎందుకు వెళ్లిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చెప్పిన కారణాలేవీ నాకే ఆనలేదు. అమ్మ మాత్రం ఆ రోజు మారు వడ్డించుకుని మరీ తింది.