యాడికని అడిగిన రోజు

దయ్యాలను నేను నమ్మను. ఇది చదివాక "అంటే నమ్మినట్టే కదా" అని వాదనకు దిగేవాళ్లకు ముందే చెబుతున్నా, ఇప్పటికీ నమ్మను. కర్నూలులో ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నదాన్ని. జరిగింది జరిగినట్టు రాస్తాను. దానికి పేరు పెట్టే పని నాది కాదు.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, రైల్వేలో కీమ్యాన్‌గా చేశాడు. రోజూ పట్టాల వెంబడి నడుస్తూ, వదులైన కీలను సుత్తితో బిగించే పని. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. రిటైరయ్యాక రాజంపేటలో ఉంటున్నాడు. ఆ మధ్య గుండె ఆపరేషన్ అవసరమై కడపలో ఒక ఆసుపత్రిలో చేర్చారు.

నేను అప్పుడు పరీక్ష పేపర్లు దిద్దే పని మీద విశాఖలో ఉన్నాను. ఆపరేషన్ ఒకరోజు ముందుకు జరిగిందని తెలిసి పొద్దున్నే విమానం ఎక్కాను. లోపలికి తీసుకుపోయేలోపు ఒక్కసారి మామ మొహం చూడాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

కడపలో దిగేసరికి పదిన్నర దాటింది. ఫోన్ ఆన్ చేయగానే మామ కొడుకు, మా బావ, చేశాడు. స్ట్రెచర్ ఎక్కించేశారట. మాట్లాడమని మామ చెవి దగ్గర ఫోన్ పెట్టాడు.

"యాడికి మామా, అప్పుడే యాడికి తీసకపోతాండారు?" నా నోట్లోంచి ఊడిపడిన మాట అది.

మా వైపు బయలుదేరిన మనిషిని యాడికి అని అడగరు. అశుభం. కావాలంటే "శానా దూరమా?" అనాలి. పొరపాటున ఎవరైనా అడిగితే, బయలుదేరినవాడు వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ కదలాలి. చిన్నప్పుడు ఆయన డ్యూటీకి పోతుంటే కావాలనే వెనక నుంచి అడిగేదాన్ని. పాపం, సుత్తి దించి, అరుగు మీద కూర్చుని, నీళ్లు తాగి పోయేవాడు. అదంతా వట్టి చాదస్తమని నా వాదన.

"ఏం కోడలా, పొయ్యేటప్పుడు అడిగితివే," అన్నాడు మామ. నవ్వుతున్నట్టే ఉంది గొంతు. అంతలో ఎవరో ఫోన్ తీసేసుకున్నారు. ఆపరేషన్‌కు పోయే మనిషిని కూర్చోబెట్టేదెవరు, నీళ్లిచ్చేదెవరు? నన్ను నేను తిట్టుకున్నాను. మూఢనమ్మకంతో కాదు, బాధతో.

బయట టాక్సీవాళ్లు ఊళ్లో ఏదో ఊరేగింపు ఉందని, రోడ్డంతా జామ్ అయ్యిందని చెప్పారు. విమానాశ్రయానికి దగ్గర్లోనే చిన్న రైల్వే స్టేషన్ ఉంది. మామ పనిచేసిన లైన్ కాబట్టి నాకు తెలుసు. ఆటోలో పోయి, కడప వైపు పోయే పాసింజరు ఎక్కాను. సగం సీట్లు ఖాళీ. నా పక్కన మామిడికాయల గంపతో ఒకామె.

బండి కదలబోతుండగా ఒక ముసలాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. మా మామ పోలికలు లేవు. మామ ఎత్తు మనిషి. ఈయన పొట్టి, ఎడమ కంటికి పొర. ఎప్పుడూ చూసిన మనిషి కాదు. నీళ్లడిగితే బాటిల్ ఇచ్చాను. ఎత్తిపోసుకుని సగం తాగి, మూత బిగించి ఇచ్చాడు.

"యాడికని అడిగితివి గదా కోడలా. రోంతసేపు కూచ్చోని పోతాలే," అన్నాడు.

నేను ఆయన్ను ఏమీ అడగలేదు. ఆ మాట నేనన్నది ఫోన్లో మామతోనే.

కడప ఇంకాస్త దూరం ఉందనగా సిగ్నల్ దగ్గర బండి ఆగింది. విసుగ్గా వాచీ చూసుకున్నాను, పదకొండు నలభై. ముసలాయన లేచి, ప్లాట్‌ఫారం లేని చోట కమ్మీ పట్టుకుని, రైల్వే మనుషులు దిగినట్టు వెనక్కి తిరిగి దిగి, పట్టాల పక్కన నడిచిపోయాడు.

నిద్రలో కలగన్నావంటారని, ఆయన్ను చూశావా అని పక్కనామెను అడిగాను.

"చూసినా లేమ్మా, నీళ్లు తాగిన ఆయప్పే గదా. మీ ఇంటి మనిషేమో అనుకుంటి," అంది.

ఆసుపత్రికి చేరేసరికి ఆపరేషన్ నడుస్తోంది. బావ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. మత్తు ఇచ్చాక మామ గుండె ఆగిందట. మళ్లీ కొట్టుకునేలా చేశారట. ఎన్నింటికి అని అడిగితే, డాక్టరు బయటికొచ్చి చెప్పేటప్పటికి పన్నెండు కాలేదన్నాడు. అంతకన్నా కచ్చితంగా తెలియదు. తెలిసినట్టు నేను కల్పించను.

మామ బతికాడు. ఇప్పుడు రాజంపేటలో పొద్దున్నే రెండు కిలోమీటర్లు నడుస్తున్నాడు.

సంగతి విన్న మా అత్త నన్ను మహానందికి పోయి మునిగి రమ్మంది. పోతాను, అక్కడి నీళ్లు బాగుంటాయి కాబట్టి పోతాను, మొక్కు కోసం కాదని చెప్పాను. కాలేజీలో తోటి లెక్చరర్ కాకతాళీయం అని తేల్చేశాడు. మరి ఆ మాట ముసలాయనకెలా తెలుసంటే, ఎవరినో చూసి ఎవరో అనుకున్నాడేమో అన్నాడు. ఆయన మీదా కోపం వచ్చింది. చచ్చినవాళ్లు కనిపిస్తే దయ్యమంటారు. మా మామ చావలేదు. వచ్చినవాడు మా మామా కాదు. అత్త మాటా అతకదు, ఆయన మాటా అతకదు.

ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు. ముసలాయన మొదటిసారి అడిగినప్పుడు నేను నీళ్లు లేవన్నాను. బాటిల్ సంచిలోనే ఉంది. నా కంగారులో నేనున్నాను, ఎవరో మురికి పంచె మనిషికి ఇవ్వబుద్ధి కాలేదు. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చుని, కాసేపటికి మళ్లీ అడిగాడు. అప్పుడిచ్చాను. రెండోసారి ఎందుకడిగాడో, అడగకుండా దిగిపోయి ఉంటే మా మామ ఏమయ్యేవాడో నాకు తెలియదు.