మాట్లాడే పెట్టెను వినడానికి వెళ్లిన శనివారం

నాకు సంతకం వచ్చు, రాత రాదు. నేను చెబుతుంటే మా ముత్తంగి బడి టీచరమ్మ రాస్తోంది. నా గొంతు ఆకురాయి మీద ఇనుము రాసినట్టు గరగరమంటుంది. ఎక్కడైనా మాట తప్పితే అది నా గొంతు తప్పే, ఆమె రాత తప్పు కాదు.

పటాన్‌చెరు చుట్టూ కార్ఖానాలు ఒకటొకటిగా లేస్తున్న రోజులవి. మా ఆయన పోయాక నేను బోల్టుల కార్ఖానాలో ప్రెస్సు మిషను దగ్గర కుదిరాను. పదకొండేళ్లు గడిచాక ఒక ఆదివారం, చర్చి విడిచాక టీచరమ్మ మేనకోడలు విమల నన్ను ఆపింది. పట్నంలో యూనివర్సిటీలో నలుగురు కలిసి మనుషుల మాట మీద పరిశోధన చేస్తున్నారు, వాళ్లలో ఆ పిల్ల ఒకతె.

"పెద్దమ్మా, మేం ఒక పెట్టెతోని తెలుగు మాట్లాడిపిస్తున్నం. అదేమంటున్నదో నువ్వొచ్చి విని చెప్పాలె."

"సదువుకున్నోళ్లు లేరా బిడ్డా?"

"వాళ్లు సగం విని సగం ఊహించుకుంటరు. నువ్వైతే విన్నదే చెప్తవ్."

ఇరవై మాటల్లో కనీసం పది చదువు రానివాళ్లకు అర్థమైతేనే విమల పనిని బొంబాయి సభకు పంపుతానని వాళ్ల పెద్ద సారు షరతు పెట్టాడట. రెండేళ్ల కష్టం. అప్పటికే మా మిషన్ల దగ్గరి ఆడవాళ్లు ముగ్గురు వెళ్లి వచ్చారు. నేను నాలుగోదాన్ని, ఆఖరుదాన్ని. నేను వెళ్లిన రోజు సాయంత్రం నాలుగు గంటల టపాలోనే కాగితాలు పోవాలి.

శనివారం మా కార్ఖానాకు కరెంటు ఇవ్వరు, అందుకే సెలవు. పక్క కార్ఖానా ఏడు గంటల సైరను మోగేసరికి ముత్తంగి రోడ్డు మీద నిలబడ్డాను. సంగారెడ్డి నుంచి వచ్చే ఎర్ర బస్సు ఏడుంబావుకు వచ్చింది. మీరెవరైనా ఎక్కితే వెనక సీటుకు పోకండి, నడుము విరుగుతుంది. ఇంజను పక్క సీటు దొరికింది నాకు. అవతలి సీట్లో సీతాఫలాల గంపతో సంగారెడ్డి అవతలి కొండాపూర్ ఆమె కూర్చుంది. నా గొంతు విని, "దవాఖానకా అక్కా?" అని అడిగింది.

"కాదు, మాట్లాడే డబ్బ దగ్గరికి."

"రేడియోనా?"

"రేడియోల ఏడనో మనిషుంటడు. గిండ్ల మనిషే లేడంట."

"మనిషి లేంది మాటేడికెళ్లొస్తది? నిన్నెవరో ఆగం జేస్తున్నరు!" అని నవ్వి ఒక పండు నా ఒళ్లో పెట్టింది. "అయినా ఈ ఇంజను మోతల నా మాటంతా ఎట్ల విన్నవ్? నీ చెవులు సల్లగుండ!"

నేనూ నవ్వాను. నా చెవుల గురించి ఎవరూ అలా అనలేదు.

పటాన్‌చెరులో బస్సు చాలాసేపు ఆగింది. కూకట్‌పల్లి దాటాక జనం కాళ్లు పెట్టే చోటు లేకుండా ఎక్కారు. గౌలిగూడ చేరేసరికి తొమ్మిది. బస్టాండు రేకుల గుమ్మటం కింద రెండు ఇడ్లీలు తిని, చాయ్ తాగి, సిటీ బస్సెక్కి పదింటికి యూనివర్సిటీ ముందు దిగాను. విమల అక్కడే ఎదురుచూస్తోంది.

లోపల వాళ్లదొక గది. గోడలకు పత్తి మెత్తలు కొట్టారు. తలుపు వేయగానే ఏ చప్పుడూ లేదు. పదకొండేళ్లు మిషన్ల మధ్య బతికినదాన్ని, ఆ నిశ్శబ్దానికి భయమేసింది. రహీం అని టేపులు తిప్పే అతను నా చెవులకు రెండు డొప్పలు తగిలించాడు. "పరేషాన్ కాకమ్మా, కరెంటు కొట్టదు" అన్నాడు. ఎదురుగా పెద్ద అద్దం. అద్దం అవతల విమల మాటల పట్టీ పట్టుకుని కూర్చుంది.

చెవుల్లో బుర్రుమని ఏదో వచ్చింది. విమలను చూశాను. "చీపురు" అన్నాను. రహీం గీత పెట్టాడు. మళ్లీ బుర్రుమంది. "మేక." తర్వాత "తాళం", "పసుపు", "నిచ్చెన". ఇరవైకి ఇరవై చెప్పాను. విమల తలుపు తోసుకుని వచ్చి నన్ను కావలించుకుంది. పెద్ద సారు వచ్చి నాకు దండం పెట్టాడు. "ఇరవై ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాడు. నా అంతటిది లేదనుకున్నాను.

పన్నెండున్నరకు అన్నం. విమల ఇంటినుంచి జొన్నరొట్టె, పుంటికూర తెచ్చింది. నేను తింటుంటే వెనకనుంచి రహీం అదే టేపును గదంతా వినపడే డబ్బాలో పెట్టి, "అమ్మా, ఇదేంది చెప్పు?" అన్నాడు.

బిందెలో గులకరాళ్లు దొర్లినట్టుంది.

"ఏమో, నాకేం సమజైతలేదు" అన్నాను.

"మజాక్ చేస్తున్నవా? పొద్దున నువ్వు చెప్పిన మేకే గదా!" అని నవ్వాడు.

చేతిలో రొట్టె కింద పెట్టేశాను. పొద్దున నేను విన్నది పెట్టెను కాదు. పట్టీ చదువుకుంటూ విమల పెదాలు కదిలించింది, నేను అవి చూశాను. మా ప్రెస్సుల మోతలో మాట వినపడదు. మొదట్లో అరిచి అరిచి నా గొంతు ఇలా అయింది. తర్వాత అందరం ఒకరి పెదాలు ఒకరం చూసి మాట్లాడుకోవడం నేర్చుకున్నాం. ఎంత అలవాటంటే, చూస్తున్నామనే సంగతే మరిచిపోయాం.

విమల పక్క బల్ల మీద కవరుకు జిగురు రాస్తోంది. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ పిల్ల బొంబాయి పోతుంది. కాని కొలత చూసే గేజీకి సరిపోని బోల్టును సంచిలో వేసినా ఎవరికీ తెలియదు, ఎక్కడో బండి చక్రం ఊడిన రోజు తెలుస్తుంది. చెయ్యి కడుక్కుని లేచాను.

"బిడ్డా, ఆ కవరు జెర ఆపు. నేను నీ పెట్టెను ఇనలే. నీ మూతిని సూసి చెప్పిన."

విమలకు అర్థం కాలేదు. "నా మూతా? నేనేం మాట్లాడలే గద పెద్దమ్మా!"

"మాట్లాడినవ్. సప్పుడు లేకుంట."

పెద్ద సారును పిలిచారు. ఆయన అద్దంలోంచి అవతలికి చూసి, "ముందు వచ్చిన ముగ్గురూ?" అని అడిగాడు.

"వాళ్లవీ మిషన్లే సారూ. వాళ్లల్ల బాలమణి అయితే నా ఎదురుంగనే కూసుంటది."

రహీం అద్దానికి గోధుమరంగు కాగితం అంటించాడు. మళ్లీ డొప్పలు పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఒక్కో మాటకు ప్రాణం చెవుల్లో పెట్టుకుని విన్నాను. పది కావాలి. తొమ్మిది వచ్చాయి. ఇంకొకటి అబద్ధమాడి కలపడానికి పొద్దున విమల పెదాల మీద చూసిన మాటలన్నీ నాకు గుర్తే. ఆడలేదు.

"ఈ నలుగురు ఆడవాళ్ల జవాబులూ కొట్టెయ్యాలి, విమలా. ఈసారికి పంపొద్దు" అన్నాడు పెద్ద సారు. కోపం లేదు ఆయన మాటలో. విమల కవరును సొరుగులో పెట్టింది.

మూడున్నరకు బయలుదేరాను. గౌలిగూడ దాకా విమల తోడు వచ్చింది. సంగారెడ్డి బస్సులో కిటికీ పక్క కూర్చున్నాను. అద్దం బిగిసిపోయింది, తెరుచుకోలేదు. డ్రైవరు ఇంజను మోగించాడు. అప్పుడు కింద నిలబడి విమల ఏదో అంది. ఒక్క అక్షరం వినపడలేదు, అంతా తెలిసింది: "పెద్దమ్మా, ఇంకో నెలకు పెట్టెను బాగు చేస్త. మళ్ల నువ్వే రావాలె."

అలవాటుకొద్దీ పెదాలతోనే జవాబిచ్చాను. పాపం, ఆ పిల్లకు చదవడం రాదు, అలాగే చూస్తూ నిలబడింది. ఇక గొంతెత్తి, "వస్త బిడ్డా!" అని అరిచాను. బస్సంతా ఉలిక్కిపడింది. కండక్టరు, "అమ్మా, నువ్వుంటే బస్సుకు హారన్ అవసరం లేదు పో" అన్నాడు.

ఎర్రగడ్డ దాటాక కొంచెం చోటు దొరికితే పొద్దున ఆమె ఇచ్చిన సీతాఫలం ఒలుచుకున్నాను. పొద్దుటి ఇరవై మాటలు విమలవి. మధ్యాహ్నం తొమ్మిది మాత్రం మనిషి లేని ఆ పెట్టె తనంతట తాను నాతో అన్నది. వాటిని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ దీపాల వేళకు ముత్తంగిలో దిగాను.