బ్రేకక్క నోరు మూసుకున్న రోజు

డ్రైవింగ్ స్కూల్లో ఆవిడని అందరూ బ్రేకక్క అంటారు. పక్కసీట్లో కూర్చుని కాలితో రెండో బ్రేకునీ, నోటితో నేర్చుకునేవాళ్ళనీ ఒకేసారి తొక్కిపెట్టే మనిషి. పూటకో నలుగురికి సలహా ఇవ్వకపోతే ఆవిడకి తిన్నది అరగదు.

రోజూ పదిమందితో మాట్లాడే పని కదా అని, అలాంటి మనిషిని ఆరోగ్యశాఖవాళ్ళు ఆత్మహత్యల నివారణ శిక్షణకి పిలిచారు. "అనుమానమొస్తే సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. తర్వాత వినండి. ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి మా దగ్గరికి తీసుకురండి" అంది శిక్షణ ఇచ్చే నర్సు. సాధన కోసం తనే దిగులుపడ్డ మనిషిలా కూర్చుంది. బ్రేకక్క వినీ వినకముందే, "ముందు నడుం నిటారుగా పెట్టి కూర్చోమ్మా!" అంది. గదంతా గొల్లున నవ్వింది.

ఇంటికెళ్ళి ఆ పాఠాన్ని మొగుడి మీద ప్రయోగించింది.

"ఏవండీ, చచ్చిపోవాలని ఏమన్నా అనిపిస్తోందా?"

"నువ్వు చెప్పిన పనులు చేసేసరికే పొద్దు గూకుతోంది. చావడానికి తీరికెక్కడిదే!"

ఆ రోజుల్లో ఆవిడ దగ్గర ఒక లెక్కల మాస్టారు కారు నేర్చుకుంటున్నాడు. భార్య పోయాక ఏదో ఒక వ్యాపకం ఉండాలని చెల్లెలు బలవంతాన చేర్పించింది. మాటకి మాట అప్పజెప్పే మనిషి, ఒక పొద్దున ఎంత తిట్టినా నోరు మెదపలేదు.

"ఇలా నడిపితే లైసెన్సు వచ్చినట్టే!" అని దెప్పింది బ్రేకక్క.

"అప్పటిదాకా నేనుండాలిగా" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

బ్రేకక్కకి నర్సు చెప్పింది గుర్తొచ్చింది. మొగుణ్ణి అడిగినంత తేలిగ్గా మాట రాలేదు. అయినా సూటిగానే, "మాస్టారూ, చచ్చిపోవాలనుకుంటున్నారా?" అంది.

బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక హారన్లు మోగాయి. ఆవిడ తల బయటపెట్టి, "కాస్త ఆగితే మీ కొంపలేం మునిగిపోవు!" అని ఒక్క కేక పెట్టి, లోపలికి తిరిగి నోరు మూసుకుంది.

"అవునమ్మా" అన్నాడాయన. ఆ తర్వాత మాట వెనక మాట వచ్చింది. బ్రేకక్క నాలుక మీద సలహాలు దురదపెట్టాయి. పళ్ళబిగువున ఆపుకుంది. ఆయన్ని పక్కసీట్లోకి జరిపి, తనే ఆసుపత్రికి నడిపింది. చెల్లెలు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

మందులతో, డాక్టరు మాటలతో, చెల్లెలి తోడుతో మాస్టారు మెల్లగా తేరుకున్నాడు.

"మీ శిక్షణ భలే పనిచేసిందమ్మా!" అని బ్రేకక్క నర్సు దగ్గర గొప్పలు పోయింది.

"చూసే డాక్టరూ, కనిపెట్టుకుని ఉండే మనిషీ లేకపోతే మీరడిగిందీ, నేను నేర్పిందీ గాలికే పోయేవి" అంది నర్సు. ఆపైన నవ్వు బిగబట్టి, "మీ నోరు మూయించామంటే మాత్రం మా పైవాళ్ళు నమ్మట్లేదు" అంది.

చలికాలం పోయాక మాస్టారు చెల్లెల్ని కూడా తీసుకొచ్చి చేర్పించాడు. ఆ చెల్లెలు మొదటిరోజే బండిని గోడకి గుద్దింది. వెనకసీట్లో మాస్టారు కడుపుబ్బ నవ్వుతుంటే, బ్రేకక్క అన్నాచెల్లెళ్ళిద్దరికీ కలిపి చీవాట్లు పెట్టింది.