నీ పేరేంటమ్మా?

2005 ప్రాంతంలో బహ్రెయిన్‌లో, ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని ఓ ట్యుటోరియల్‌లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ప్లస్ టూ చివర్లో ఉన్న చైనా పిల్లలకు మౌఖిక పరీక్ష పెట్టమన్నారు. తప్పితే వాళ్లకు కాలేజీ సీటు లేనట్టే. మొదట వచ్చిన లిన్ అనే అమ్మాయి భయంతో నోరే తెరవలేదు. కళ్లలో నీళ్లు. సున్నా వేయడానికి నాకు చెయ్యి రాలేదు. కంగారులో "నీ పేరేంటమ్మా?" అని తెలుగులో అనేశాను.

లిన్ మొహం వెలిగిపోయింది. "మీకు చైనీస్ వచ్చా టీచర్?" అని ఇంగ్లీషులోనే అడిగింది.

వాళ్ల భాషలో 'నీ' అంటే నువ్వట, చివర 'మా' వస్తే ప్రశ్నట. అది మా తెలుగని చెప్పగానే పకపకా నవ్వింది. ఆ నవ్వు వెంటే ఇంగ్లీషూ గలగలా వచ్చేసింది.

బెదిరిన పిల్లల్ని మనం పలకరించే మాట చైనాలోనూ చెల్లుతుందని అప్పుడే తెలిసింది. తర్వాత వచ్చిన మగపిల్లల్ని కూడా 'నాన్నా' అనకుండా, 'నీ పేరేంటమ్మా' అనే అడిగాను.