స్ప్రింగును తూచావా?

మా ఫిజిక్స్ మేడమ్‌ది కోస్తా. తెలంగాణ ఉద్యమం రోజుల్లోనూ తార్నాక నుంచి నడిచి యూనివర్సిటీ ల్యాబుకు వచ్చేవారు. ఎవరి లెక్క తప్పినా, "స్ప్రింగును తూచావా?" అనే అడిగేవారు.

ఆ రోజు స్ప్రింగు గట్టిదనం సాగదీస్తే ఒకలా, ఊపితే ఇంకోలా వచ్చింది.

"తగిలించిన బరువు లెక్కేసిన కద మేడమ్," అన్నాను.

"స్ప్రింగు కూడా ఊగుతోంది కదమ్మా. పైకొస కదలదు, కింది కొస బాగా కదులుతుంది. అందుకే దాని బరువులో మూడోవంతు కలుపు."

కలిపాను. రెండు జవాబులూ ఒకటయ్యాయి.

అంతలో బయట బాష్పవాయు గోళాలు పేలాయి. ఆవిడ మమ్మల్ని వెంటబెట్టుకుని బయల్దేరారు. గేటు దగ్గర పోలీసు, "మేడమ్, మీరు పోండ్రి. గీళ్ళు ఆగాలె," అన్నాడు.

"వీళ్ళు లేకుండా నేను వెళ్ళను," అని ఆవిడ అక్కడే నిలబడ్డారు. చివరికి అతనే పక్కకు జరిగాడు.

తార్నాక దాకా ఆవిడ వెనకే నడిచాం. పొద్దున తెలంగాణ నినాదాలిచ్చింది మేమేనని ఆవిడకు తెలుసు.