బయట నిలబెట్టిన వాక్యం

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి సందులోకి మళ్లితే ఇప్పటికీ జిరాక్స్ కాగితాల వేడి వాసన వస్తుంది. అది ముక్కుకు తగిలిందంటే చాలు, కరీం సార్ గుర్తొస్తారు. ఆయన అక్కడే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెప్పేవారు. ఆదివారం పొద్దున బ్యాచ్‌లు మొదలయ్యేలోపు ఖాళీ గదిలో పంజాగుట్ట బడిపిల్లలమైన మా ఐదుగురిని కూర్చోబెట్టి, భాషల పజిళ్ల పోటీకి తయారుచేసేవారు. అందులో నెగ్గినవాళ్లను పెద్ద శిక్షణ క్యాంపుకు తీసుకునేవారు. మేం పేరైనా వినని భాషలో పది వాక్యాలు, పక్కన వాటి అర్థాలు ఉండేవి. వాటిని చూసి ఆ భాష నియమాలు మేమే పట్టుకోవాలి. ఎంత సరదాగా ఉండేదో!

నేనప్పుడు పదో తరగతి. ఆటో నడిపే మా నాన్న ముందే తేల్చేశాడు. "క్యాంపుకు సెలెక్ట్ అయితే సరే బిడ్డా. లేకుంటే గీ పజిల్లు బంద్, ఇంటర్ కోచింగే." దాంతో నాకు ఒకటే ఆత్రం. ఒక ఆదివారం నా నియమం తొమ్మిదో వాక్యానికి తప్ప అన్నిటికీ సరిపోయింది. ఆ ఒక్కదాని ఊసెత్తకుండా కాగితం సార్ చేతిలో పెట్టాను. ఆయన వేలు సరిగ్గా దాని మీదే ఆగింది.

"ఇది ఏం పాపం చేసింది బేటీ? అందర్నీ లోపల కూసోబెట్టి దీన్నొక్కదాన్ని బయట నిలబెట్టినవ్?"

"కుదుర్తలేదు సార్."

"గదే రాయి, కుదుర్తలేదని. దాస్తే ఎట్ల?"

సిగ్గుపడుతూనే ఆ మాట రాశాను.

అసలు పరీక్షలోనూ ఆఖరి పజిల్‌లో ఒక వాక్యం మొండికేసింది. పక్కమ్మాయి పేజీలకు పేజీలు నింపేస్తోంది. దాటేస్తే ఎవరు చూడొచ్చారు అనిపించింది. కానీ చెయ్యి రాలేదు. "నా నియమం ఈ వాక్యానికి సరిపోవడం లేదు, ఎందుకో నాకు తెలియదు" అని రాసి, బయటికొచ్చి సార్‌కు ఆ మాటే చెప్పి ఏడ్చాను.

సెలెక్ట్ కాలేదు. సార్‌కు ఒక మాట చెప్పి మాన్పిద్దామని ఆ ఆదివారం నాన్న కూడా వచ్చాడు. ఇన్‌స్టిట్యూట్ గోడ నిండా ఉద్యోగాలొచ్చిన వాళ్ల ఫోటోలుంటాయి. వాటి మధ్యలో, పోటీ దరఖాస్తుకని సార్‌కు ఇచ్చినవాటిలో మిగిలిన నా పాస్‌పోర్టు ఫోటో అంటించి ఉంది. కింద సార్ చేతిరాత: "స్వప్న. తెలియనిది తెలియదని రాసింది."

నాన్న చాలాసేపు చూశాడు. "సెలెక్ట్ కాలే గద సార్?"

"కాలే అన్నా. గీ గోడ మీద నౌకర్లొచ్చినోళ్లు మస్తుగున్నరు. గిట్ల రాసేటోళ్లు ఏడున్నరు?"

ఇంటికొస్తూ నాన్న సిగ్నల్ దగ్గర ఆటో ఆపి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "మల్ల ఎప్పుడంట పరీక్ష?"

మరుసటి యేడు క్యాంపుకు వెళ్లాను. నిజం చెప్పాలంటే ఆ సర్టిఫికెట్ ఇప్పుడు ఎక్కడుందో కూడా తెలియదు. గోడ మీది ఫోటో తలుచుకుంటే మాత్రం ఈ వయసులోనూ ఛాతీ ఉప్పొంగుతుంది.

ఇప్పుడొక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నా కింద ఎనిమిది మంది పనిచేస్తున్నారు. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి రిపోర్టు తెచ్చింది. అన్ని టెస్టులూ పాసయ్యాయి. కానీ లెక్కపెడితే ఒక టెస్టు ఊసే లేదు.

"దాన్నెందుకు బయట నిలబెట్టినవ్?" అన్నాను.

పాపం, బిక్కమొహం వేసింది. కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టుకుని, కరీం సార్ గురించి చెప్పడం మొదలుపెట్టాను.